పోయిన ఫైలును వెతికేదెవరు?

2021 మే నెలలో అమెరికా జాతీయ ఆర్కైవ్స్ నుంచి ఒక ఈమెయిల్ వెళ్లింది. అంతకు నాలుగు నెలల ముందు అధ్యక్ష పదవి దిగిపోయిన డొనాల్డ్ ట్రంప్ ప్రతినిధులకు రాసిన మెయిల్ అది. ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్‌తో నడిచిన ఉత్తరాల అసలు ప్రతులు మాకు చేరలేదు, ఒబామా పదవి వదిలి వెళుతూ తన తర్వాతి అధ్యక్షుడికి రాసిపెట్టిన ఉత్తరమూ రాలేదు, ఇంకా కొన్ని పెట్టెల కాగితాలు రావాల్సి ఉంది, పంపించండి అన్నది దాని సారాంశం. నెలల తరబడి అడగ్గా అడగ్గా 2022 జనవరిలో ఫ్లోరిడాలోని ట్రంప్ నివాసం మార్-ఎ-లాగో నుంచి 15 పెట్టెలు వచ్చాయి. విప్పి చూస్తే పత్రికల కత్తిరింపులు, ఫొటోలు, సొంత ఉత్తరాల మధ్య రహస్య ముద్ర ఉన్న పత్రాలు 197 దాకా తేలాయి. ఆర్కైవ్స్ అధికారులు న్యాయశాఖకు విషయం చెప్పారు. ఆ ఏడాది ఆగస్టు 8న అక్కడే ఎఫ్‌బీఐ సోదా చేస్తే మరో 102 బయటపడ్డాయి. తర్వాత కోర్టులో దాఖలైన అభియోగపత్రంలోని ఫొటోలను ప్రపంచమంతా చూసింది. స్నానాలగదిలో షాండ్లియర్ కింద పేర్చిన పెట్టెలు, విందులు జరిగే హాలు వేదిక మీద వరుసగా పెట్టిన పెట్టెలు, స్టోరు రూములో ఒరిగిపోయి నేల మీదికి చిందిన కాగితాలు. ఆ చిందిన వాటిలో అమెరికాతో పాటు మరో నాలుగు దేశాల నిఘా సంస్థలు మాత్రమే చూడాల్సిన పత్రం ఒకటి ఉంది.

ఈ వ్యవహారంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పత్రాలు కనబడడం లేదని మొదట పసిగట్టింది సీఐఏ కాదు, ఎఫ్‌బీఐ కాదు. పాత కాగితాలు భద్రపరిచే శాఖ. వాళ్లకు ఆ వీలు ఎక్కడి నుంచి వచ్చింది? వాటర్‌గేట్ తర్వాత పదవి వదిలిన నిక్సన్ తన టేపులు, కాగితాలు తనవేనని పట్టుబట్టినప్పుడు అమెరికా కాంగ్రెస్ కళ్లు తెరిచింది. 1974లో నిక్సన్ కాగితాల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం, 1978లో అధ్యక్షులందరికీ వర్తించేలా మరో చట్టం చేసింది. అధ్యక్షుడి అధికారిక కాగితాలు ప్రజల ఆస్తి, పదవీకాలం ముగిసిన క్షణం నుంచి వాటి బాధ్యత ఆర్కైవ్స్‌ది అని ఆ చట్టం చెప్పింది. అడిగే హక్కు ఉంది కాబట్టి అడిగారు. ఏమి రావాలో తెలుసు కాబట్టి ఏమి రాలేదో తెలిసింది. 2022 నవంబరులో జో బైడెన్ పాత ఆఫీసులో రహస్య పత్రాలు దొరికినప్పుడు ఆయన న్యాయవాదులు మొదట కబురు పంపింది కూడా ఆర్కైవ్స్‌కే. మరుసటి జనవరిలో మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఇంట్లోనూ పదీ పన్నెండు పత్రాలు బయటపడ్డాయి. రెండు పార్టీల నాయకుల ఇళ్లలోనూ దొరికాయంటే మనుషుల గుణం గురించి ఎంత వాదించినా ప్రయోజనం లేదు. కాగితం పోవడం ఎక్కడైనా జరుగుతుంది. పోయిందని ఎవరికైనా తెలుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ప్రభుత్వ రహస్యం భద్రంగా ఉండాలంటే బీరువా తాళం కంటే, ఫలానా కాగితం ఫలానా తేదీకి నాకు చేరాలి అని లెక్క పట్టుకుని అడిగే ఆర్కైవ్స్ ఎక్కువ అవసరం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ట్రంప్ మీద పెట్టిన ఆ కేసు చివరికి వీగిపోయింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కేసు నడిపిన ప్రత్యేక న్యాయవాది నియామకమే రాజ్యాంగ విరుద్ధమని 2024 జులైలో ఫ్లోరిడా న్యాయమూర్తి కేసు కొట్టేశారు. నవంబరు ఎన్నికల్లో ట్రంప్ గెలిచాక ప్రభుత్వం అప్పీలు వదులుకుంది. 2025 ఫిబ్రవరిలో ఆర్కైవ్స్ అధిపతిని పదవి నుంచి తొలగించారు. శిక్ష పడిందా లేదా అన్నది కోర్టుల, రాజకీయాల విషయం. పోయినవి ఫలానా పత్రాలని గుర్తించడం, వాటిని రాబట్టడం వేరే విషయం, ఆ పని మాత్రం జరిగింది. అయితే ఆ తొలగింపు మరో సంగతి చెబుతోంది. కాగితాల లెక్క అడిగే అధికారి ఉద్యోగం, ఎవరిని లెక్క అడగాలో వాళ్ల దయ మీద ఆధారపడి ఉంటే ఎంత మంచి చట్టమైనా సగమే పనిచేస్తుంది.

ఇక మన దేశం సంగతి. మన జాతీయ ఆర్కైవ్స్ వయసు చిన్నదేమీ కాదు. 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా పుట్టి, రాజధానితో పాటు ఢిల్లీకి మారి, ఇవాళ జన్‌పథ్‌లో ఉంది. 1993లో పార్లమెంటు పబ్లిక్ రికార్డ్స్ చట్టం చేసింది. కాగితం మీద చూస్తే అది గట్టి చట్టమే. ప్రతి కేంద్ర శాఖలో ఒక రికార్డు అధికారి ఉండాలి. 25 ఏళ్లు దాటిన ఫైళ్లను ఆర్కైవ్స్‌తో కలిసి పరిశీలించి, దాచదగ్గవాటిని అప్పగించాలి. 1892కు ముందు పుట్టిన కాగితాన్ని, ఎందుకూ పనికిరానంతగా పాడైతే తప్ప, చింపడానికి వీల్లేదు. నిబంధనలకు విరుద్ధంగా రికార్డులు నాశనం చేస్తే అయిదేళ్ల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అందరూ భయపడే 1923 నాటి అధికార రహస్యాల చట్టం అయిదో సెక్షన్ కింద రహస్యం బయటపెట్టినవారికి పడే గరిష్ఠ శిక్ష మూడేళ్లు. అంటే ఫైలు చింపడం రహస్యం చెప్పడం కంటే పెద్ద నేరమని మన చట్టసభే తేల్చింది. కానీ సెక్రటేరియట్ మెట్లెక్కే ఏ ఉద్యోగికైనా గుర్తుండేది ఆ 1923 చట్టమే. 1993 చట్టం పేరు కూడా వినని గెజిటెడ్ అధికారులు ఎందరో ఉంటారు.

ఫలితం ఏమిటో 2022 డిసెంబరులో జాతీయ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరల్ చందన్ సిన్హా ఒక సదస్సులో బయటపెట్టారు. కేంద్రంలో 151 మంత్రిత్వ శాఖలు, విభాగాలు ఉంటే వాటిలో తమకు రికార్డులు అప్పగించినవి 36 మాత్రమేనని ఆయన చెప్పారు. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవన్నారు. హరిత విప్లవం కాగితాలు కూడా లేవన్నారు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి 2022 మొదటి దాకా రక్షణ శాఖ అప్పగించిన ఫైళ్లు 476. ఆ ఒక్క ఏడాదిలో మాత్రం 1960 వరకు ఉన్న ఇరవై వేల ఫైళ్లు వచ్చాయట. అడిగితే, పట్టుబడితే వస్తాయని ఈ చివరి అంకె రుజువు చేస్తోంది. డెబ్బై అయిదేళ్లు అడగనివాళ్లు, ఇవ్వనివాళ్లు ఇద్దరూ బాధ్యులే. హరిత విప్లవం కాగితాలు శత్రుదేశానికి చిక్కకూడని రహస్యాలు కావు. ఏ వంగడాన్ని ఎందుకు ఎంచుకున్నారు, ఎరువుల మీద ఏ వాదన నడిచింది, ఏ అధికారి ఏ హెచ్చరిక రాశాడు అన్నవి ఇవాళ గోదావరి డెల్టాలో నేల సారం గురించి మాట్లాడేవారందరికీ కావాలి. అవి రహస్య ముద్ర వల్ల ఆగలేదు, పట్టింపు లేక ఆగిపోయాయి.

రహస్య ముద్ర ఉన్న కాగితం గతి ఇంకా అన్యాయం. 1993 చట్టం పదో సెక్షన్ ప్రకారం సెక్యూరిటీ వర్గీకరణ ఉన్న రికార్డును ఆర్కైవ్స్‌కు పంపకూడదు. ముందు ఆ శాఖే ముద్ర తీసేయాలి. అందుకోసం ప్రతి అయిదేళ్లకోసారి ఒక అధికారి ఆ ఫైళ్లను తిరగేసి, ఇక రహస్యం అక్కర్లేనివి విడుదల చేయాలని 1997 నిబంధనలు చెబుతున్నాయి. ఆ అధికారి స్థానంలో ఉండి ఆలోచించండి. ముద్ర తీసేస్తే రేపు ఎవరైనా ప్రశ్నిస్తారేమో అన్న భయం ఉంటుంది. తీయకపోతే అడిగేవాడే లేడు. ఏది సుఖమో ఎవరైనా చెప్పగలరు. దాంతో ఎర్ర ముద్ర పడిన ఫైలు ఆ శాఖ బీరువాలోనే ఉండిపోతుంది. అక్కడ దానికి ఆర్కైవ్స్ కేటలాగు లేదు, కాగితం పాడవకుండా చూసే నిపుణులు లేరు, అది ఉందో లేదో బయటివాడికి తెలిసే దారి లేదు. దేనికి ఏ ముద్ర వేయాలో చెప్పే 1994 నాటి భద్రతా సూచనల పుస్తకం కూడా ప్రజలకు అందుబాటులో లేదు. వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లోనే అధికార రహస్యాల చట్టాన్ని రద్దు చేయమని సిఫారసు చేసింది. అది ఇంకా అమల్లోనే ఉంది.

1962 చైనా యుద్ధంలో మనం ఎందుకు ఓడామో తేల్చడానికి లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్ కలిసి రాసిన నివేదిక 1963లో ప్రభుత్వానికి అందింది. ఆ నివేదిక చూసే అవకాశం దొరికిన విలేకరి నెవిల్ మాక్స్‌వెల్ 1970లోనే దాని ఆధారంగా పుస్తకం రాశారు. 2010లో రక్షణ మంత్రి ఏకే ఆంటోనీ, అందులోని అంశాలు చాలా సున్నితమైనవని, ఇప్పటికీ సైనిక వ్యూహానికి సంబంధించిన విలువ ఉందని పార్లమెంటుకు చెప్పి విడుదలకు నిరాకరించారు. నాలుగేళ్లకు మాక్స్‌వెల్ అందులో పెద్ద భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఇప్పుడు బీజింగ్‌లో కూర్చున్నవారు కూడా దాన్ని చదువుకోవచ్చు. ఆ నివేదిక రాయించుకున్న దేశంలో మాత్రం అది అధికారికంగా విడుదల కాలేదు. గడువు ప్రకారం విడుదలయ్యే దారి మూసేస్తే, రహస్యం దొంగదారిన బయటికి వస్తుంది. 2019 మార్చిలో రఫేల్ యుద్ధవిమానాల కేసు విచారణలో రక్షణ శాఖ నుంచి పత్రాలు దొంగిలించారని అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు చెప్పి, రెండు రోజుల తర్వాత తాను ఉద్దేశించింది ఫొటోకాపీలని వివరణ ఇచ్చుకున్నారు. దేశంలోకెల్లా పెద్ద కోర్టులో, దేశంలోకెల్లా కీలకమైన శాఖ పత్రాల గురించి, ఏమి పోయిందన్నదే రెండు రోజుల్లో మాట మారింది.

బయటికి పొక్కిన కాగితం కనీసం మిగిలి ఉంటుంది. మిగలనివి కూడా ఉన్నాయి. బంగ్లాదేశ్ విమోచన యుద్ధానికి సంబంధించి కలకత్తాలోని తూర్పు కమాండ్ దగ్గరున్న రికార్డులను ఆ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే నాశనం చేశారని 2010లో పత్రికలు బయటపెట్టాయి. ఆ యుద్ధంలో తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసిన జనరల్ జాకబ్, 1974లో కమాండ్ బాధ్యత తీసుకుని ఆ రికార్డులు చూపించమంటే వాటిని ముక్కలు చేసేశారన్న జవాబు వచ్చిందని చెప్పారు. మనం గెలిచిన యుద్ధం అది. దాచిపెట్టాల్సిన ఓటమి ఏదీ లేదు. ముక్తివాహినికి శిక్షణ ఎలా ఇచ్చారు, ఏ దళం ఎప్పుడు కదిలింది అన్న మన సైనికుల ఘనత అంతా అందులో ఉండాలి. రహస్యం కాబట్టి నాశనం చేశామని ఎవరైనా సమర్థించుకుంటే, ఆ రహస్యాన్ని శత్రువు నుంచి కాక మన పిల్లల నుంచే కాపాడినట్టయింది.

తెలుగువాళ్లకు ఇదంతా ఢిల్లీ గొడవ కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలో పోలీసు చర్య జరిగాక, ఆ వెంటనే జరిగిన హింస మీద నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ ఆధ్వర్యంలో ఒక బృందాన్ని పంపింది. గ్రామాలు తిరిగి ఆ బృందం ఇచ్చిన నివేదిక మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. భాగాలు అక్కడక్కడ వెలుగు చూసినా, ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియం లైబ్రరీలో అది చదవడానికి దొరుకుతోందన్న వార్త జనానికి చేరింది 2013లో. ఈలోగా అరవై ఏళ్లకు పైగా రజాకార్ల దురాగతాల గురించి, తర్వాత జరిగిన ప్రతీకారం గురించి ఎవరికి తోచిన అంకె వారు చెప్పుకున్నారు, ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. నివేదిక అంచనా తప్పు కావచ్చు. తప్పని నిరూపించడానికైనా అది చరిత్రకారుల చేతిలో ఉండాలి. సాక్షులు బతికుండగా 1970ల్లోనో 80ల్లోనో విడుదల చేసి ఉంటే ఊరూరా తిరిగి సరిచూసుకునే అవకాశం ఉండేది. ఆ అవకాశం ఇక రాదు.

దగ్గరి ఉదాహరణలూ ఉన్నాయి. 2023 డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలొచ్చాయి. మర్నాడు రాత్రి హైదరాబాద్‌లోని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేసి మూసీలో పారేశారన్నది ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసుల ఆరోపణ. దోషులెవరో కోర్టు తేల్చాలి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. నిప్పు ఎవరు పెట్టారు, అసలు ఎవరైనా పెట్టారా అన్న మాట పక్కన పెడదాం. భూమి ఫైలు కాలిపోయిన రైతు గతేమిటి? మన రెవెన్యూ ఆఫీసుల్లో ఫైలు ముగించేటప్పుడు దాని మీద ఆర్.డిస్, డి.డిస్, ఎల్.డిస్ అని రాస్తారు. ఆర్.డిస్ అయితే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్ పదేళ్లు, ఎల్.డిస్ ఒక ఏడాది. బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది, చక్కటి పద్ధతి. ఫైలు ముగిసినప్పుడే దాని ఆయుష్షు, అది ఎప్పుడు ఎవరి అనుమతితో పోవాలన్నది నిర్ణయమైపోతుంది. మండలాఫీసులో ఓ రికార్డు అసిస్టెంటు చేసే ఈ పనిని దేశ రహస్యాల విషయంలో మంత్రిత్వ శాఖలు చేయలేకపోతున్నాయి. తెలంగాణలో ఇప్పటికీ భూతగాదా వస్తే 1954-55 నాటి ఖాస్రా పహాణీ వెతుక్కుంటూ వెళ్లే రైతులకు పాత కాగితం విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు.

దేశ భద్రత మాటేమిటన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. సైనిక స్థావరాల వివరాలు, మనకు సమాచారమిచ్చే మనుషుల పేర్లు, సాంకేతిక సంకేతాలు కొన్ని యాభై ఏళ్లయినా బయటపడకూడదు. నేను అడిగేది వాటిని బయటపెట్టమని కాదు. వాటినీ ఆర్కైవ్స్ లెక్కలోకి తెమ్మని, రహస్యంగానే ఉంచి భద్రపరచమని. అమెరికా ఆర్కైవ్స్ అదే చేస్తోంది, రహస్య పత్రాలకు ప్రత్యేక గదులు, ప్రత్యేక అనుమతులున్న సిబ్బంది అక్కడున్నారు. 2021 జూన్‌లో మన రక్షణ శాఖ కూడా యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు విడుదల చేస్తామని, యుద్ధం ముగిసిన అయిదేళ్లలో చరిత్ర రాయిస్తామని విధానం ప్రకటించింది. అంటే అది సాధ్యమేనని ఆ శాఖే ఒప్పుకుంది. అన్నీ దాస్తే చోటెక్కడిదన్నది మరో ప్రశ్న. అన్నీ దాచమని ఎవరూ అనడం లేదు, అమెరికా ఆర్కైవ్స్ సైతం ప్రభుత్వంలో పుట్టే కాగితాల్లో నూటికి ఒకటి నుంచి మూడు మాత్రమే శాశ్వతంగా ఉంచుతుంది. మిగతావి పోవచ్చు, కాకపోతే జాబితా రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి పోవాలి. కంప్యూటర్లు వచ్చాక ఈ బెంగ అక్కర్లేదనేవారు ఆ హార్డ్ డిస్కుల ఆరోపణ గుర్తుచేసుకోవాలి. బీరువాలోని కాగితాలు తగలబెట్టడానికి గంటలు పడుతుంది, పొగ వస్తుంది, జనం చూస్తారు. డేటా చెరిపేయడానికి నిమిషాలు చాలు. ఈ-ఆఫీసు వచ్చిన చోట ఆర్కైవ్స్ అవసరం పెరిగిందే తప్ప తగ్గలేదు.

సమాచార హక్కు చట్టం ఉందిగా అని కొందరంటారు. దాని నాలుగో సెక్షన్ రికార్డులను కేటలాగు చేసి ఉంచమని ప్రతి ఆఫీసునూ ఆదేశిస్తోంది. ఇరవై ఏళ్లు దాటిన సమాచారానికి మినహాయింపులు చాలావరకు వర్తించవు. ఫైలు దొరకడం లేదన్న జవాబుతో సమాచారం నిరాకరించడం చెల్లదని, కావాలంటే విచారణ జరిపించవచ్చని ఢిల్లీ హైకోర్టు 2013లో చెప్పింది. ఇన్ని ఉన్నా ఆ చట్టం కింద మనం అడగగలిగేది ఉన్న ఫైలును మాత్రమే. అది ఉండాల్సిన చోట ఉండేలా చూసే పని ఆర్కైవ్స్‌దే.

1993 కేంద్ర చట్టం రాష్ట్ర ప్రభుత్వాల కాగితాలకు వర్తించదు. మహారాష్ట్ర 2005లో, కర్ణాటక 2010లో సొంత చట్టాలు చేసుకున్నాయి. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి ఫర్మానాలు, లెక్కలు లక్షకు పైగా ఇవాళ్టికీ చదవడానికి దొరుకుతున్నాయి. మూడున్నర శతాబ్దాల నాటి కాగితం నిలిచి, నిన్నగాక మొన్నటి హార్డ్ డిస్కు నీళ్లలో కలిసిందన్న ఆరోపణ వినాల్సి రావడం మనకు తగదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే. ప్రభుత్వం మారిన రోజే ప్రతి శాఖ రికార్డు రూముకూ, సర్వరుకూ ఆర్కైవ్స్ అధికారి సీలు వేసే అధికారం చట్టంలో రాయండి, ఆ అధికారిని మధ్యలో తొలగించడానికి వీల్లేకుండా పదవీకాలం ఖరారు చేయండి, ఏటా నాశనం చేసిన ఫైళ్ల జాబితాను శాసనసభ ముందు పెట్టండి. పాఠకులకూ ఒక మాట. మీ మండలాఫీసులో గత అయిదేళ్లలో నాశనం చేసిన ఫైళ్ల రిజిస్టరు నకలు ఇమ్మని సమాచార హక్కు కింద అడగవచ్చు. అయిదు రూపాయల దరఖాస్తుతో అయ్యే పని అది.